లె సిరెనూసే: వేసవి విడిది హోటల్‌గా మారిన వైనం

దక్షిణ ఇటలీలోని అమాల్ఫీ తీరంలో, కొండవాలున అంచెలంచెలుగా వెలసిన పట్టణం పొసిటానో. ఇక్కడి సెర్సాలే కుటుంబం తమ వేసవి విడిదిని 1951లో హోటల్‌గా మార్చింది. ‘లె సిరెనూసే’ పేరుతో ప్రసిద్ధి పొందిన ఆ హోటల్ ఏడు దశాబ్దాలు దాటినా అదే కుటుంబం చేతిలో ఉంది.

నేపథ్యం

సెర్సాలేలది నేపుల్స్‌కు చెందిన కులీన వంశం. అల్దో, పావోలో, అన్నా, ఫ్రాంకో అనే నలుగురు తోబుట్టువులు కలిసి హోటల్‌ను ప్రారంభించారు. వారిలో పావోలో పట్టణ మేయర్‌గానూ పనిచేశారు. ఎదుటి సముద్రంలోని లి గల్లి దీవులకు సిరెనూసే అని మరో పేరు ఉంది. గ్రీకు పురాణగాథల్లో తమ గానంతో నావికులను ఆకర్షించిన సైరన్‌ల నివాసం అదేనని ప్రతీతి.

అంతకుముందు జీవనోపాధి కరువై, పొసిటానో వాసులు పెద్ద సంఖ్యలో అమెరికాకు వలస వెళ్లారు. ఈ హోటల్‌లో బస చేసిన అమెరికన్ రచయిత జాన్ స్టెయిన్‌బెక్ 1953లో ‘హార్పర్స్ బజార్’ పత్రికలో రాసిన వ్యాసంతో పట్టణం విదేశీయుల దృష్టిలో పడింది.

బస తీరు

హోటల్‌లో 58 గదులు ఉన్నాయి. ఎర్రని గోడలు, సముద్రం వైపు తెరుచుకునే వసారాలు, రంగుల పింగాణీ పలకలు పరిచిన నేల దీని ప్రత్యేకతలు. ఫ్రాంకో సేకరించిన పురాతన వస్తువులు గదుల్లోనూ, నడవాల్లోనూ కనిపిస్తాయి. ‘లా స్పోండా’ భోజనశాలలో ప్రతి సాయంత్రం 400 కొవ్వొత్తులు వెలిగిస్తారు. శీతకాలంలో హోటల్‌ను మూసివేస్తారు.

కుటుంబ యాజమాన్యం

పెద్ద హోటల్ సంస్థల్లో తరచుగా భవనం ఒకరిది, పేరు, నిర్వహణ మరొకరివి. ఇక్కడ ఆ రెండూ ఒకే కుటుంబానివి. ఫ్రాంకో కుమారుడు ఆంటోనియో, ఆయన భార్య కార్లా బాధ్యతలు చేపట్టగా, వారి కుమారులు కూడా నిర్వహణలో చేరారు. అదే పట్టణంలో 1970లో కార్లో చింక్వే ప్రారంభించిన ‘ఇల్ సాన్ పియెత్రో’ సైతం ఆయన కుటుంబీకుల చేతిలోనే ఉంది. అక్కడి అతిథులు కొండను తొలిచి అమర్చిన లిఫ్టులో సముద్రతీరానికి దిగుతారు.

ఇటువంటి హోటళ్లకు వారసత్వమే బలం, అదే పరీక్ష కూడా. కొన్ని నెలల ఆదాయంతోనే ఏడాది పొడవునా మరమ్మతులు సాగాలి. ఉప్పుగాలికి గోడలు, ఇనుప కమ్ములు త్వరగా పాడవుతాయి. తరువాతి తరానికి ఆసక్తి లేకపోయినా, వాటాల విషయంలో వారసుల మధ్య ఏకాభిప్రాయం కుదరకపోయినా ఆస్తి చేతులు మారక తప్పదు.

పట్టణంపై ఒత్తిడి

అమాల్ఫీ తీరాన్ని యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 4 వేల లోపు జనాభా గల పొసిటానోకు వేసవిలో వచ్చే సందర్శకుల సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. తీరం వెంట ఉన్న ప్రధాన రహదారి ఒక్కటే. రద్దీని అదుపు చేసేందుకు 2022లో వాహనాలకు సరి-బేసి విధానం ప్రవేశపెట్టారు. విస్తరణకు స్థలం లేని ఈ కొండవాలున స్థానికుల నివాసాలకు, పర్యాటకుల వసతికి మధ్య పోటీ ఏటా పెరుగుతోంది.

ప్రయాణికులకు

నేపుల్స్ విమానాశ్రయం నుంచి పొసిటానో దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. భారతీయులకు షెంగెన్ వీసా తప్పనిసరి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. బసకు సంబంధించిన రుజువు జతపరచాలి. గది అద్దెతో పాటు స్థానిక పర్యాటక పన్ను వేరుగా చెల్లించాల్సి ఉంటుంది. వీధుల్లో చాలా వరకు మెట్లే కాబట్టి నడవలేనివారు హోటల్ ఉన్న చోటును, లిఫ్టు వసతిని ముందుగా తెలుసుకోవడం మేలు.