రెండు చీటీలు

మన స్కూలు పుస్తకాల్లో పేదరికం ఎప్పుడూ వీధి దీపం కిందే కూర్చుని ఉంటుంది. కుర్రాడు ఆ వెలుగులో చదువుకుంటాడు, పెద్దవాడవుతాడు, పాఠం అయిపోతుంది. "ఈ పాఠం ద్వారా మీరు గ్రహించిన నీతి ఏమి?" అనే ప్రశ్నకి పదో తరగతిలో నేనూ బుద్ధిగా జవాబు రాశాను. ఆకలేసినవాడు అబద్ధమాడతాడనీ, దొంగతనం చేస్తాడనీ, కన్నతండ్రిని అసహ్యించుకుంటాడనీ ఏ పాఠమూ చెప్పలేదు. అవన్నీ నాకు ముప్పై దాటాక, రిచర్డ్ రైట్ ఆత్మకథ 'బ్లాక్ బాయ్' చదివినప్పుడు కనిపించాయి. ఆ పుస్తకం హైస్కూలు పిల్లలకి అందుబాటులో ఉండొచ్చా అన్న గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందని ఇంకాస్త ఆలస్యంగా తెలిసింది.

రైట్ 1908లో మిసిసిపీలో పుట్టాడు. తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తల్లి పక్షవాతంతో మంచాన పడింది. 1945లో వచ్చిన 'బ్లాక్ బాయ్'లో ఆ పిల్లాడు నాలుగేళ్ళ వయసులో ఇంటికి నిప్పంటిస్తాడు, పిల్లికూనని ఉరేస్తాడు, ఆరేళ్ళకే సారా కొట్లో తాగి తూలుతాడు. ఊరు దాటి పోవడానికి కావలసిన డబ్బు దొంగతనం చేసి సంపాదిస్తాడు. వీటిని రైట్ దాచడు, ఆకలిని గొప్ప చేసి చూపించడు. పుస్తకం వచ్చిన ఏడాదే మిసిసిపీ సెనేటర్ థియోడర్ బిల్బో సెనేట్‌లో లేచి ఇది బూతు పుస్తకమని తిట్టిపోశాడు.

రైట్ స్కూలు చదువు 1925లో, తొమ్మిదో తరగతితో దాదాపు ఆగిపోయింది. క్లాసులో ఫస్ట్ వచ్చాడు. వీడ్కోలు సభలో చదవమని ప్రిన్సిపాల్ ఒక ప్రసంగం రాసిచ్చాడు. అతను అది పక్కన పెట్టి, తను రాసుకున్నదే చదివాడు. తర్వాత పని కోసం మెంఫిస్ చేరాడు. అక్కడి లైబ్రరీలో నల్లవాళ్ళు పుస్తకాలు తీసుకోవడానికి లేదు. తనతో పనిచేసే ఒక ఐరిష్ అతని కార్డు అడిగి తీసుకున్నాడు. ఈ కుర్రాడికి హెచ్.ఎల్. మెంకెన్ పుస్తకాలు ఇచ్చి పంపమని ఆ తెల్లవాడు రాసినట్టు తనే ఒక చీటీ రాసుకున్నాడు. చదవడం రానివాడిలా మొహం పెట్టి కౌంటర్ ముందు నిలబడ్డాడు. పుస్తకం చేతికొచ్చింది. ఇది మొదటి చీటీ.

రెండోది దాదాపు యాభై ఏళ్ళ తర్వాతిది. న్యూయార్క్ రాష్ట్రం, లాంగ్ ఐలండ్‌లో లెవిట్‌టౌన్ అనే ఊరు. 1947లో అక్కడ వరసగా ఇళ్ళు కట్టినప్పుడు బిల్డర్ వాటిని నల్లవాళ్ళకి అమ్మలేదు. ఆ ప్రాంతంలోనిదే ఐలండ్ ట్రీస్ స్కూలు డిస్ట్రిక్ట్. 1975 సెప్టెంబరులో దాని బోర్డు సభ్యులు ఒక తల్లిదండ్రుల సంఘం సదస్సుకి వెళ్ళి, 'అభ్యంతరకర పుస్తకాల' జాబితా ఒకటి పట్టుకొచ్చారు. నవంబరులో ఒక రాత్రి హైస్కూలు లైబ్రరీకి వెళ్ళి కార్డు కేటలాగు వెతికారు. జాబితాలోవి తొమ్మిది దొరికాయి. మరో రెండు తర్వాత బయటపడ్డాయి. మొత్తం పదకొండింటిలో 'బ్లాక్ బాయ్' ఒకటి. ఇవి అమెరికాకి, క్రైస్తవులకి, యూదులకి వ్యతిరేకమనీ, పచ్చి బూతనీ బోర్డు పత్రికలకి ప్రకటన ఇచ్చింది. ముప్పై ఏళ్ళ నాటి బిల్బో మాటే మళ్ళీ వినపడింది.

నలుగురు తల్లిదండ్రులు, నలుగురు స్కూలు సిబ్బందితో బోర్డే ఒక కమిటీ వేసింది. 'బ్లాక్ బాయ్'ని ఉంచమని కమిటీ చెప్పింది. బోర్డు సగం ఒప్పుకుంది: తల్లిదండ్రుల అనుమతి ఉంటేనే ఇవ్వాలి. లైబ్రరీ కౌంటర్ దగ్గర దొంగ చీటీ పట్టుకుని నిలబడ్డ కుర్రాడి కథ చదవాలంటే మళ్ళీ ఒక పెద్దవాడి చీటీ కావాలన్నమాట.

1977లో స్టీవెన్ పికో, మరో నలుగురు విద్యార్థులు కోర్టుకెళ్ళారు. 1982 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ళ వైపు నిలిచింది, కానీ ఆ అయిదుగురూ ఒకే అభిప్రాయం మీద సంతకం చేయలేదు. అందులోని భావాలు నచ్చలేదని ఒక పుస్తకాన్ని స్కూలు లైబ్రరీ నుంచి తీసేయకూడదని జస్టిస్ బ్రెనన్ రాశాడు. ఆ ఏడాదే పుస్తకాలు తిరిగి షెల్ఫులోకి వచ్చాయి.

ఈ గెలుపు గురించి చెప్పుకునేటప్పుడు మనం ఒక సంగతి మర్చిపోతాం. ఇది లైబ్రరీ సంగతేననీ, సిలబస్ జోలికి వెళ్ళడం లేదనీ బ్రెనన్ తన తీర్పులోనే గీత గీశాడు. క్లాసులో ఏం చెప్పాలన్నది చాలావరకు బోర్డు ఇష్టమే. అంటే పిల్లాడు తనంతట తను వెతుక్కుని చదివితే కొంత రక్షణ ఉంది. టీచర్ పుస్తకం తెరిచి, 'ఇతను ఎందుకు దొంగతనం చేశాడు?' అని అడగాలంటే మాత్రం ఆ తీర్పు పెద్దగా అక్కరకి రాదు.

అలాంటి పుస్తకం పిల్లల్ని బాధపెడుతుందని భయపడే తల్లిదండ్రుల్ని నేను ఎగతాళి చెయ్యను. పిల్లిని చంపే పేజీ నాకే కష్టంగా అనిపించింది. కానీ క్లాసులో అందరూ ఆ బాధని కొత్తగా పరిచయం చేసుకునేవాళ్ళే అని మనం ఎలా అనుకుంటాం? ఫీజు కట్టలేదని పదో తరగతిలో నన్ను రెండు రోజులు గది బయట నిలబెట్టారు. 'నాన్న ఊళ్ళో లేడు' అని స్నేహితులకి అబద్ధం చెప్పాను. నిజానికి ఆయన ఇంట్లోనే ఉన్నాడు, పని లేక. అదే నెలలో వీధి దీపం కుర్రాడి మీద నీతి జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ అబద్ధం గురించి కూడా రాయొచ్చని, అదీ పాఠమేనని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బావుండేదో!