కాటా మీంచి దించిన కట్టలు

ఆదివారం పొద్దున్న తొమ్మిది కావస్తోంది. విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి ముందు తోపుడు బండి ఆగి ఉంది. పాత పేపర్లు కొనే అతను అరుగు మీద కాటా పెట్టుకుని కూర్చున్నాడు. నేను నిచ్చెనెక్కి అటకలోకి చెయ్యి పెట్టాను. పురికొసతో కట్టిన మొదటి కట్ట రెండు చేతులా లాగితేగాని కదల్లేదు. ఆర్ట్ పేపరు బరువు అలాంటిది. కట్టతోపాటే కలరా ఉండల ఘాటు గుప్పున దిగింది.

“రంగుల కాయితానికి రేటు తక్కువండీ. న్యూస్ పేపరయితే వేరు” అంటున్నాడు కిందనుంచి.

“ఏదో ఒకటి తేల్చరా. మళ్లీ వానలొచ్చేస్తున్నాయి” అంటోంది అమ్మ, వంటింట్లోంచి.

అమ్మ భయం వానకే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు మంచం కింద ఉన్న అట్టపెట్టె మునిగింది. అందులోని పత్రికలు ఎండబెట్టినా విడిపోలేదు. నున్నటి పూత ఉన్న కాగితం తడిసి ఆరితే పేజీకి పేజీ బంక పెట్టినట్టు అతుక్కుపోతుంది. ఆ కట్ట ఇప్పటికీ ఇటుకలా బీరువా పక్కన పడి ఉంది. అంచున గోరు పెట్టి లాగితే ఎర్ర కారు బానెట్టు సగం ఈ పేజీకి, సగం ఆ పేజీకి చిరిగి వస్తోంది.

అటక మీదవి మాత్రం బాగున్నాయి. 1998లో మొదలైన ఓవర్‌డ్రైవ్, 1999లో వచ్చిన ఆటోకార్ ఇండియా అనే ఇంగ్లీషు కార్ల పత్రికలు. ఆటోనగర్‌లో నాన్నకి చిన్న షెడ్డు ఉండేది. ఇంగ్లీషు చదవడం రాదు. అయినా నెలనెలా కొనేవాడు. రాత్రి అన్నాలయ్యాక నేను చదివి తెలుగులో చెప్పాలి. శాంత్రో, ఇండికా రెండూ 1998లోనే, కొద్ది నెలల తేడాలో వచ్చాయి. అవి రిపేరుకి మా షెడ్డు దాకా వచ్చేసరికి వాటి ఇంజను ఎలా ఉంటుందో నాన్నకి ఎప్పుడో తెలుసు.

ఇదిగో, 2000 నాటి సంచిక. మారుతి 800కి ఎంపీఎఫ్ఐ ఇంజను వచ్చిన ఏడు. పేజీ మూల నల్లటి గ్రీజు వేలిముద్ర. జిడ్డు ఇంకిన చోట వెనక పేజీ అక్షరాలు కూడా కనబడుతున్నాయి. పక్కన పెన్సిల్‌తో రెండే మాటలు: “స్క్రూ లేదు.”

ఆ రాత్రి నాకు బాగా గుర్తు. ఇందులో కార్బొరేటర్ ఉండదు, సిలిండరుకో ఇంజెక్టరు ఉంటుంది, పెట్రోలు ఎంత పోవాలో కంప్యూటరే చూసుకుంటుంది అని చదివాను. “మరి మిక్చర్ ఎక్కడ సెట్ చెయ్యాల్రా?” అన్నాడు. ఇంజను చప్పుడు చెవితో పట్టి, స్క్రూ పావు చుట్టు తిప్పి బండి దారికి తెచ్చి, ఆ పనితోనే మమ్మల్ని పెంచిన మనిషి. ఆ పేజీ నాలుగుసార్లు చదివించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఆ కంప్యూటర్‌ని చదివే స్కానర్ ఎక్కడ దొరుకుతుందో వాకబు మొదలుపెట్టాడు.

“ఫొటోలు తీసుకుని కాయితాలు ఇచ్చెయ్ మావయ్యా” అంటాడు మా మేనల్లుడు. ఆ గ్రీజు ఫొటోలో మరకలాగే కనబడుతుంది. చివరి పేజీల్లోని ధరల పట్టీ ఫొటో తీయాలని ఎవరికీ తోచదు కూడా. ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, దేవూ సీలో, ఫియట్ యునో వరసగా రేట్లతో సహా ఉన్నాయందులో. ఏ బండి ఏ ఏడు, ఎంతకు అమ్మారో ఇంత తిన్నగా చెప్పే కాగితం నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఇది తూకానికి వేసే సరుకు కాదు.

కాటా మీంచి కట్టలు దించేశాను. బండతను ఏమీ అనలేదు. న్యూస్ పేపర్లు తూచుకుని, డబ్బిచ్చి వెళ్లాడు.

ఊళ్లో ఆటోమొబైల్ నేర్పే కాలేజీవాళ్లు ఏడాదికొక బైండు చేయించి ఇస్తే లైబ్రరీలో పెడతామన్నారు. నాన్న రాతలున్నవీ అక్కడికే వెళ్తున్నాయి. రేపు స్పానరు పట్టబోయే పిల్లలు అవి చూడాలి. గ్రీజు వేలిముద్ర ఉన్న సంచిక ఒక్కటి మాత్రం అమ్మ ఇవ్వనంది. అది తన బీరువాలో చీరల మధ్య పెట్టుకుంది.

బుడమేరు నీళ్లలో పోయినవి ఓవర్‌డ్రైవ్ 1999 నవంబరు, డిసెంబరు సంచికలు. మీ అటక మీద ఉంటే తూకానికి వేయకండి. ఆ ఏడాది బైండులో వాటికి చోటు ఉంచాం.