ఏవోమీటరు: పాత లెక్కకు పాత కొలమానము

1920 ప్రాంతమున బ్రిటిష్ తపాలాశాఖ ఉత్తరములతోపాటు టెలిగ్రాఫు, టెలిఫోను వ్యవస్థలను గూడ నిర్వహించుచుండెడిది. ఆ శాఖలో ఇంజనీరగు డొనాల్డ్ మెకాడీ తీగల మరమ్మతునకు బయలుదేరినపుడెల్ల ప్రవాహమునకొకటి, వోల్టేజికొకటి, నిరోధమునకొకటిగా పరికరములను మోసికొని పోవలసివచ్చెడిది. ఆ బరువును తగ్గించుకొనవలెనను తలంపునుండియే ఒక నూతన పరికరము పుట్టినది. ఆంపియరు, వోల్టు, ఓము అను ప్రమాణముల ఇంగ్లీషు తొలి అక్షరములను కలిపి దానికి ఏవోమీటరని పేరిడిరి. 1923లో అది విపణికి వచ్చినది.

మొదటి రూపము ఏకముఖ విద్యుత్తును మాత్రమే కొలిచెడిది. తరువాతివి ఏకాంతర విద్యుత్తును గూడ కొలువసాగెను. 1951లో వెలువడిన ఎనిమిదవ నమూనా మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. దాని సంతతి 2008 వరకు తయారగుచునే యుండెను. అయస్కాంత ధ్రువముల నడుమ వ్రేలాడు సన్నని తీగచుట్టయే దాని ప్రాణము. ప్రవాహము సోకగనే అది తిరిగి ముల్లును కదల్చును. ముల్లు క్రింద నొక అద్దపుపట్టీ కలదు. ముల్లును, దాని నీడను ఒకటిగా కనబడునట్లు చూచినచో కంటిపొరపాటు తొలగును. ప్రవాహము మితిమీరినచో లోపలి రక్షణ మీట ఎగసి వలయమును త్రెంచును.

అట్టి పరికరము నేడు పాతసామానులో దొరికినచో ముందుగా బ్యాటరీలను తీసివేయవలెను. వానినుండి కారిన ద్రవము లోహపు పలకలను తినివేయును. ఎనిమిదవ నమూనాకు 1.5 వోల్టులది ఒకటి, 15 వోల్టులది ఒకటి కావలెను. రెండవది దొరకుట అరుదు గనుక చిన్న బ్యాటరీలను వరుసగా కూర్చి వాడుదురు. ఇనుపరజను గల బల్లపై పెట్టెను విప్పరాదు. అయస్కాంతము ఆ రజనును లోనికి లాగుకొనును. తుదకు నమ్మదగిన వేరొక మీటరుతో ప్రతి శ్రేణిని సరిచూడవలెను.

సున్నితమగు డిజిటల్ మీటర్లుండగా ఇంత శ్రమ ఏల? చెంబెడు వేడినీటిలో పెద్ద చల్లని గరిటె ముంచినచో నీరే చల్లబడును. మీటరు గూడ తాను కొలుచు వలయమునుండి కొంత ప్రవాహమును తీసికొనును. లక్ష ఓముల నిరోధము వెనుక 100 వోల్టులున్నవనుకొందము. 100 వోల్టుల శ్రేణిలో, వోల్టుకు 500 ఓములు గల ఏడవ నమూనా 33 మాత్రమే చూపును. వోల్టుకు 20,000 ఓములు గల ఎనిమిదవ నమూనా 95 చూపును. కోటి ఓముల డిజిటల్ మీటరు 99 చూపును. ఏ మీటరును చెడిపోలేదు.

పాత వాల్వు రేడియోల మరమ్మతు పత్రములలో పెక్కింట వోల్టేజి అంకెలు ఫలానా ఏవోమీటరుతో కొలిచినవని వ్రాసియుండును. ఆ మాట గమనింపక క్రొత్త మీటరుతో పోల్చువాడు చక్కగా పనిచేయు భాగమును చెడినదని పెరికివేయును.

మన దేశమున 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినవి. అంతకు ముందటి చిట్టాను చదువువాడు రూపాయికి పదియారణాలని ఎరిగియుండనిచో మొత్తము తప్పును. తప్పు వ్రాసినవానిది కాదు, చదివినవానిది. పాత యంత్రపు అంకెల విషయమును అట్టిదే. వానిని వ్రాసిన చేతిలో ఏ కొలమానముండెనో మొదట విచారింపవలెను. అందులకే ఆ నల్లని పెట్టెను బాగుచేసి నిలుపుకొనుట.