షోలవరం పందెపు కార్లు: ఇంజన్ మార్పులు, నిబంధనల చరిత్ర

పాతకాలపు పందెపు కారును ఈనాడు మళ్లీ ట్రాక్ మీదికి దింపాలంటే దాని ఇంజన్‌లో ఏ మార్పును ఒప్పుకోవాలి, దేన్ని కాదనాలి? మోటారు క్రీడలో చాలాకాలంగా నలుగుతున్న తగవు ఇది. ఐరోపా, అమెరికా క్లబ్బులు దీనిమీద పుస్తకాలకు పుస్తకాలు రాసుకున్నాయి. మద్రాసుకు ఉత్తరాన షోలవరం రన్‌వే మీద పరుగెత్తిన భారతీయ కార్లకు మాత్రం ‘ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపమే అసలు రూపం’ అనే కొలబద్ద పొసగదు. వాటిలో మార్చని ఇంజన్‌తో పోటీకి నిలిచినవి అరుదు. అందుచేత మనకు కావలసిన నిబంధన తయారీదారు కేటలాగును కాక, ఆ కారు నిజంగా పరుగెత్తిన నాటి రూపాన్ని ఆధారంగా తీసుకోవాలి. ఈ వ్యాసం ఆ వాదాన్ని చరిత్ర సాక్ష్యంతో పరిశీలిస్తుంది. ఆ చరిత్రలో కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెద్ద వాటా ఉంది.

తొలినాటి నిబంధనలను వరసగా చూస్తే, నిబంధన దేన్ని కొలిస్తే ఇంజనీరు దాన్ని వదిలి, కొలవని దాని మీద పడటం కనిపిస్తుంది. 1906లో ఫ్రాన్సులో జరిగిన మొదటి గ్రాండ్ ప్రీకి కారు బరువు 1000 కిలోలు మించకూడదన్నారు. ఇంజన్ పరిమాణం ఊసెత్తలేదు. గెలిచిన రెనో కారు ఇంజన్ దాదాపు 13 లీటర్లు. మరుసటి ఏడు వంద కిలోమీటర్లకు 30 లీటర్ల పెట్రోలు అని లెక్క కట్టారు. 1908లో నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 155 మి.మీ. దాటరాదన్నారు, స్ట్రోకును, అంటే పిస్టన్ కదిలే దూరాన్ని, గాలికి వదిలేశారు. ఆ ఏడు గెలిచిన మెర్సిడెస్ కూడా 13 లీటర్లకు కాస్త తక్కువంతే. చిన్న కార్ల పందేల్లో ఈ ధోరణి వింత రూపాలు దాల్చింది: 1910 నాటి లయన్-ప్యూజో ఇంజన్‌లో బోరు 80 మి.మీ., స్ట్రోకు 280 మి.మీ. అంటే పిస్టన్ తన వెడల్పుకు మూడున్నర రెట్ల దూరం పైకీ కిందికీ తిరిగేది. బ్రిటన్‌లో రేసు నిర్వాహకులకు బదులు పన్నుల శాఖ ఇదే పని చేసింది. అక్కడి గుర్రపు శక్తి పన్ను బోరు వర్గాన్నీ సిలిండర్ల సంఖ్యనూ మాత్రమే లెక్కలోకి తీసుకునేది. బ్రిటిష్ తయారీదారులు సన్న బోరు, పొడవు స్ట్రోకు ఇంజన్లకు అలవాటు పడ్డారు. పన్ను పోయినా అలవాటు పోలేదు. అంబాసిడర్ బానెట్ కింద ఉన్న 1489 సీసీ ఇంజన్ (బోరు 73, స్ట్రోకు 88.9 మి.మీ.) ఆ వంశానికి చెందినదే.

పాత కార్లకు ప్రత్యేకంగా పందేలు పెట్టాలన్న ఆలోచన 1934లో ఇంగ్లండులో వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ పుట్టుకతో బలపడింది. 1930 చివరిలోగా తయారైనవే వింటేజ్ కార్లని ఆ క్లబ్బు గీత గీసింది. తర్వాతి కాలంలో అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్.ఐ.ఎ. తన నిబంధనావళిలో ‘అనుబంధం కె’ పేరుతో చారిత్రక కార్లకు విడిగా ఒక వ్యవస్థ ఏర్పరచింది. ఈ అనుబంధం గురించి మన దేశంలో ఒక అపోహ ఉంది. అది కేటలాగు రూపాన్ని కోరుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కోరేది ఆ కాలంలో పోటీల్లో వాడినట్టు రుజువున్న రూపాన్ని. 1960లలో ఒక కారుకు రెండు కార్బురేటర్లు బిగించి పందెంలో దింపారని సాక్ష్యముంటే ఆ మార్పు ఈనాడూ చెల్లుతుంది. సాక్ష్యం లేకపోతే అదే కార్బురేటర్ అక్రమమవుతుంది. కాబట్టి ఆ వ్యవస్థలో భారమంతా మార్పు మీద కాక రుజువు మీద పడింది.

భారతదేశంలో పరిస్థితిని రేసు క్లబ్బుల కన్నా ముందు దిగుమతి విధానం నిర్ణయించింది. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక దరిమిలా విడిభాగాలు తెచ్చి బిగించడంతో సరిపెట్టుకున్న జనరల్ మోటార్స్, ఫోర్డ్ తమ కర్మాగారాలు మూసుకుని వెళ్లిపోయాయి. కార్లలో జనానికి మిగిలినవి ప్రధానంగా మూడు: కలకత్తా పక్కన తయారయ్యే అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. రెండో ప్రపంచ యుద్ధ కాలపు షోలవరం రన్‌వే మీద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పందేలు నడిపిన దశాబ్దాల్లో పోటీదారుల్లో రెండు తెగలు కనిపిస్తాయి. విదేశీ రేసు కారు తెప్పించుకోగల స్తోమత కొందరికే ఉండేది. గోండల్ రాజవంశీకులు, 1980ల తొలినాళ్లలో ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారుతో దిగిన విజయ్ మాల్యా ఆ తెగవారు. మిగతావారంతా పై మూడు కార్లలో ఒకదాన్ని తీసుకుని, మెకానిక్ చేతిలో పెట్టి, దాన్ని వేరే జంతువుగా మార్చుకున్నవారు. జనం మాత్రం రెండు రకాలనూ చూడటానికి విరగబడి వచ్చేవారు.

ఆ మార్పులు ఏమిటి? సిలిండర్ హెడ్ అడుగు ముఖాన్ని చెక్కించి కంప్రెషన్ పెంచడం, గాలీ పెట్రోలూ పోయే దారులను నున్నగా అరగదీయడం, క్యామ్ షాఫ్ట్ ఆకారం మార్చి వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచడం, రెండో కార్బురేటర్ తగిలించడం, ఫ్లైవీల్ బరువు తగ్గించడం, బోరు పెంచి పెద్ద పిస్టన్లు వేయడం. వీటిలో చివరిదాని మీదే తగవు ఎక్కువ. ఎందుకో ఫియట్ లెక్క చెబుతుంది. దాని ఇంజన్ బోరు 68, స్ట్రోకు 75 మి.మీ., మొత్తం 1089 సీసీ. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న తరగతి హద్దు 1100 సీసీ. అరిగిపోయిన సిలిండర్లను బాగుచేయడానికి బోరును 0.4 మి.మీ. పెంచితే చాలు, ఇంజన్ 1102 సీసీకి చేరి హద్దు దాటుతుంది. 2 మి.మీ. పెంచితే 1154 సీసీ. మొదటిది మరమ్మతు, రెండోది మార్పు అని మనసుకు తెలుస్తుంది. కానీ కొలిచే పరికరానికి రెండూ హద్దు దాటినవే. హెరాల్డ్ సంగతి ఇంకా చిత్రం. దాని 948 సీసీ ఇంజన్ పుట్టుకతో 803 సీసీ. ఇంగ్లండులోని కంపెనీయే స్ట్రోకును 76 మి.మీ. దగ్గర ఉంచి బోరును మాత్రం పెంచుకుంటూ దాన్ని 948, 1147, చివరికి 1296 సీసీ దాకా తీసుకెళ్లింది. మన దేశంలో తయారైన హెరాల్డ్ 948 దగ్గరే ఆగిపోయింది. ఇక్కడి మెకానిక్ దాని బోరు పెంచితే కంపెనీ తానే నడిచిన దారిలో నడిచినట్టు. అతన్ని అక్రమార్కుడని ఏ ధర్మం ప్రకారం అనగలం?

ఇలాంటి పనికి మంచి యంత్రశాలలు కావాలి. బట్టల మిల్లులు, పంపుసెట్లు, ఫౌండ్రీలు ఉన్న కోయంబత్తూరుకు ఆ బలం ఉంది. అక్కడి పరిశ్రమలో కమ్మవారి నాయుడు కుటుంబాలు, అంటే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ముందువరసలో నిలిచాయి. 1920లో ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం మొదలుపెట్టి, 1937లో దేశీయ విద్యుత్ మోటారు తయారీకి పూనుకున్న జి.డి. నాయుడు ఆ వాతావరణానికి తొలి ప్రతినిధి. రేసింగులో ఆ స్థానం లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్‌ది. తాను రేసరే కాక కార్లు తయారుచేసినవాడు కూడా. 1988లో ఆయన తెచ్చిన ఫార్ములా మారుతి నిబంధనల చరిత్రలో మలుపు. మారుతి 800 కారులోని 796 సీసీ ఇంజన్‌ను తీసి, డ్రైవరు వెనక బిగించి, ఒంటిసీటు రేసు కారు కట్టారు. అందరికీ ఒకే రకం కారు, ఒకే ఇంజన్. డబ్బున్నవాడి ఇంజన్ చేతిలో పేదవాడి నైపుణ్యం ఓడిపోయే ఆటను డ్రైవర్ల ఆటగా మార్చడానికి ఇది దారి వేసింది. కోయంబత్తూరులోనే మరో తెలుగు కుటుంబంలో పుట్టిన నరైన్ కార్తికేయన్ 1990లలో ఈ తరగతిలోనే మొదలై, 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టాడు. అతని తండ్రి జి.ఆర్. కార్తికేయన్ పేరున్న ర్యాలీ డ్రైవరు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. 2003లో మొదలైన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరిటిదే. ఫార్ములా మారుతి విజయానికి ఇంకో ముఖం కూడా ఉంది: మార్చడం అనే విద్య రేసింగు నడిబొడ్డు నుంచి పక్కకు జరిగింది. 1990లో పందేలు శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు మారేనాటికి షోలవరం తరం కార్లు చరిత్రలోకి జారుకుంటున్నాయి.

ఆ కార్లను కాపాడాలనుకునేవారికి ఇప్పుడు ఎదురయ్యే అధికారిక కొలబద్ద 2021 జూలైలో కేంద్రం సవరించిన మోటారు వాహన నిబంధనలు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చట్రం, బాడీ, ఇంజన్‌లలో గణనీయమైన మార్పులు లేని వాహనాన్ని వింటేజ్‌గా గుర్తిస్తారు. నంబరు పలక మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, మళ్లీ నమోదుకు 5,000. ప్రదర్శన కార్లకూ, మ్యూజియం కార్లకూ ఈ నిర్వచనం చక్కగా సరిపోతుంది. కానీ షోలవరంలో బోరు పెంచి, హెడ్ చెక్కి, రెండు కార్బురేటర్లతో పరుగెత్తిన హెరాల్డ్‌కు ఇది చెల్లదనే అర్థం వస్తుంది. యజమాని గుర్తింపు కోసం ఆ ఇంజన్ తీసేసి మామూలు 948 సీసీ ఇంజన్ పెడితే, కాగితం మీద కారు అసలైనదవుతుంది, చరిత్ర ప్రకారం నకిలీ అవుతుంది.

ఇది రోడ్డు మీద తిరిగే వాహనాల నమోదుకు సంబంధించిన చట్టం, రేసుతో దీనికేం పని అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే మన దేశంలో పాత రేసు కారుకు విడిగా గుర్తింపు పత్రమిచ్చే ఆనవాయితీ వేళ్లూనుకోలేదు. చట్టం దేన్ని అసలైనదంటే మార్కెట్టు దానికే విలువ కడుతుంది. విలువ లేనిదాన్ని తుక్కు కొట్టువాడు పట్టుకుపోతాడు. రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది: కేటలాగును పక్కన పెడితే ఎవడైనా ఏ మార్పునైనా ‘ఆ రోజుల్లోనే చేశాం’ అంటాడు. నిన్న వేయించిన పిస్టన్‌కు అరవై ఏళ్ల చరిత్ర అల్లడం కష్టం కాదు. ఐరోపాలోనూ ఈ బెడద తక్కువేమీ కాదు. ఆధునిక లోహాలు, కంప్యూటరు కోతలతో తయారైన ‘పాత’ ఇంజన్లు ఆ కాలపు ఇంజన్ల కన్నా ఎక్కువ శక్తినిస్తున్నాయన్నది అక్కడ అందరికీ తెలిసిన రహస్యం.

ఈ అభ్యంతరానికి నిబంధనను మరింత బిగించడం జవాబు కాదు. తనిఖీ లేని హద్దు ఎంత కచ్చితంగా గీసినా నిలబడదని విశాఖ జాలరిపేటవారికి వేరే చెప్పనక్కర్లేదు. రింగు వలలు తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల ఆవలే వేయాలని నియమం ఉంది. నీటి మీద ఆ గీతను కొలిచేదెవరన్న తగాదా ముదిరి, 2022 జనవరిలో జాలరిపేట, వాసవానిపాలెం మత్స్యకారుల మధ్య ఘర్షణలో పడవలు తగలబడ్డాయి. ఇంజన్ విషయంలో మనకు ఆ దుస్థితి లేదు, ఎందుకంటే బోరు, స్ట్రోకు, కంప్రెషన్ చేతితో కొలవదగినవి. పోటీకి ముందు జరిగిన తనిఖీల కాగితాలు, ఫలితాల పట్టికలు, పత్రికల్లో అచ్చయిన బానెట్ తెరిచిన ఫోటోలు, యంత్రశాలల బిల్లులు దొరికినంత మేర రుజువవుతాయి. వీటిలో ఏదీ దొరకని కారును కేటలాగు రూపానికే పరిమితం చేయడం సబబు. మార్పు చెల్లాలంటే రుజువు యజమానే చూపాలి, అంతే.

భద్రత సంగతి దీనితో కలపకూడదు. పాత బ్రేకులు, పాత టైర్లున్న కారుకు పెంచిన శక్తి ప్రమాదమే. దానికి సీటు బెల్టు, బలమైన పైపుల చట్రం, మంటలార్పే సిలిండరు తప్పనిసరి చేయాలి. వీటిని ఇంజన్ అసలుతనంతో ముడిపెట్టే అవసరం లేదు. చారిత్రక పందేల నిర్వాహకులు చాలాచోట్ల ఈ రెంటినీ వేరుగానే చూస్తారు.

ఏది గడ్డకట్టించాలి, ఏది తెరిచి ఉంచాలి అన్న నిర్ణయం కొత్త కార్లకూ తప్పలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల ‘ఫార్ములా ఈ’ పందెంలో చట్రం, బ్యాటరీ అన్ని జట్లకూ ఒకటే. వెనక చక్రాలను తిప్పే మోటారు, ఇన్వర్టరు, గేరుపెట్టె మాత్రం ఏ తయారీదారుకు ఆ తయారీదారు సొంతంగా చేసుకున్నవి. మరుసటి ఏడు పందెం రద్దయినా, ఆ కార్లలో ఏ భాగం ఎవరిదో, ఏ రోజు ఏ రూపంలో ఉందో చెప్పే దస్తావేజులు సమాఖ్య దగ్గర భద్రంగా ఉంటాయి. షోలవరం ఫియట్‌లకూ హెరాల్డ్‌లకూ అలాంటి దస్తావేజును ఇప్పుడు కూర్చవలసింది క్లబ్బుల పాత ఫైళ్ల నుంచి, మద్రాసు, కోయంబత్తూరు యంత్రశాలల లెక్కల పుస్తకాల నుంచి, ఆ ఇంజన్లను విప్పి బిగించిన మెకానిక్కులు బతికుండగా వారి నోటి మాట నుంచి.