వలందుల బొమ్మల్లో మన బందరు

చల్లపల్లి నుంచి పనులమీద బందరు బస్సెక్కే మనవాళ్ళలో కోటవైపు వెళ్ళి చూసేవాళ్ళు తక్కువే. కాని వలందపాలెం, ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు మన నోట నలుగుతూనే వున్నవి. వలందులంటే డచ్చివారు. వాళ్ళు బందరుకు 1605లో వచ్చారు, ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. అప్పటికే అది గోల్కొండ సుల్తానుల రేవు. అసలు బందరు అంటేనే ఫార్సీలో రేవు అని అర్థం.

వలందులు తాము చూసిన రేవులను రాగిరేకులమీద చెక్కించి పుస్తకాలలో అచ్చువేసేవారు. బాల్డియస్ అనే పాదిరీ పుస్తకం 1672లో ఆమ్‌స్టర్‌డాంలో వెలువడింది. అందులో మచిలీపట్నం బొమ్మ వున్నది. అంతకు నాలుగేళ్ళ ముందు అదే ఊళ్ళో డాపర్ అనే ఆయన ఆఫ్రికా మీద వేసిన పుస్తకంలో, అక్కడి పడమటి తీరపు ఎల్మినా కోట బొమ్మ వేశారు. పోర్చుగీసువారు 1482లో కట్టిన ఆ కోటను వలందులు 1637లో పట్టుకున్నారు. దానికీ మనకూ ఏమిటి సంబంధం అంటారా? బట్ట! కోరమండల తీరంలో నేసిన బట్టలు యూరపు చేరి, అక్కడినుంచి ఆఫ్రికా వెళ్ళి, మనుషులను బానిసలుగా కొనడానికి సొమ్ముగా చెల్లినవి. వాటికి గినీ గుడ్డలనే పేరు. పాపం, నేసినవాడికి ఈ సంగతేం తెలుసు!

అయితే రెండు బొమ్మలనూ ఒకే కంటితో చూడకూడదు. ఎల్మినాలో వలందులది ఫిరంగుల కోట. సుల్తానుల బందరులో వాళ్ళు ఫర్మానా పుచ్చుకొని కొఠీ పెట్టుకున్న వర్తకులు మాత్రమే. రేవు పెత్తనం హవల్దారుది. ఇరాను నుంచి వచ్చిన మీర్ జుమ్లా అలాంటి హవల్దారుగా వుండి, తరవాత గోల్కొండ దివానై, సొంత ఓడలు నడిపాడు. ఇక్కడి ఓడల్లో సరుకుతోపాటు హజ్ యాత్రికులూ ఎర్రసముద్రం వెళ్ళేవారు. ఇదంతా కంపెనీ బొమ్మలకు పట్టలేదు.

వలందులలో హావర్ట్ అనే ఆయన మాత్రం మాకు నచ్చాడు. కంపెనీ కొలువులో ఈ దేశంలో వుండి ఫార్సీ నేర్చాడు. షేక్ సాదీ గారి బోస్తాన్‌ను తన భాషలోకి మార్చి 1688లో అచ్చువేశాడు. 1693లో కోరమండలం మీద పుస్తకం రాస్తూ, ఇక్కడ పోయిన తనవాళ్ళ సమాధులమీది రాతలు కూడా ఎక్కించాడు. బందరులో వాళ్ళ సమాధుల రాళ్ళు ఇప్పటికీ వున్నవి.

మనవాళ్ళ సమాధుల రాతలు ఎవరు ఎక్కించారు? సభ్యుల ఇళ్ళల్లో పాత సనదులు, నిఖా కాగితాలు, ఫార్సీ ఉత్తరాలు వుంటే, చెదలు పట్టకముందే సంఘానికి ఒకసారి చూపించండి. నకలు రాసుకొని అసలు మీకే ఇచ్చేస్తాం.