కంటి పరీక్షకు దుడ్లు ఎవరిస్తారు?

సర్జాపుర మెయిన్ రోడ్డులో ఇప్పుడు కన్నడక అంగళ్లు చాలా వచ్చినాయి. కొన్నింటి ముందు "కంటి పరీక్ష ఉచితం" అని బోర్డు ఉంటుంది. మన ఇంట్లో పెద్దవాళ్లు అది చూసి, "ఊరికే చూస్తారంట, పోయి చూపించుకుందాం" అంటారు. ఇంగ్లండులో ఉండే మన పిల్లలేమో అక్కడ పరీక్షకే దుడ్లు కట్టాలని చెప్తారు. ఒక చోట ఊరికే, ఇంకొక చోట దుడ్లు ఎందుకు? దీని వెనక రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే అంగట్లో ఏమి అడగాలో కూడా తెలుస్తుంది.

ముందు ఆ మాట సంగతి. తెలుగు నాడులో కళ్లజోడు అనీ, కళ్లద్దాలు అనీ అంటారు. ఇక్కడ మనం "కన్నడక" అనే అంటాం. అది కన్నడ మాట. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు నేర్పింది మా అవ్వ. కన్నడక పెట్టుకుంటే గానీ ఆమెకు తెలుగు కనపడేది కాదు!

ఇక చరిత్రకు వద్దాం. లండన్‌లో మూర్‌ఫీల్డ్స్ కంటి ఆస్పత్రి మొదలైంది 1805లో. 1819లో మద్రాసులో కంటి ఆస్పత్రి పెట్టినారు. ఎగ్మోరులో ఉండే ప్రభుత్వ కంటి ఆస్పత్రి అదే. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాసు కిందే ఉండేవి. మన మైసూరు రాజ్యంలో మింటో ఆస్పత్రికి మొదలు 1896. ఇప్పుడు మార్కెట్ దగ్గర కనిపించే కట్టడంలోకి అది వచ్చింది 1913లో. వైస్రాయ్ లార్డ్ మింటో పేరు దానికి పెట్టినారు.

మన పెద్దవాళ్లకు కంటి జబ్బు అంటే మింటోనే. పొద్దున్నే బస్సెక్కి మార్కెట్‌లో దిగి, క్యూలో నిలబడేవాళ్లు. డాక్టరు చూసి చీటీ రాసిచ్చేవాడు. ఆ చీటీ పట్టుకొని మనకు ఇష్టమైన అంగడికి పోవచ్చు. చూసేవాళ్లు వేరే, అమ్మేవాళ్లు వేరే. పరీక్షకు దుడ్లు లేకపోయినా ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోయేవి. కాబట్టి అది కూడా పూర్తిగా ఊరికే కాదు.

రెండో దారి అంగళ్లది. లారెన్స్ అండ్ మేయో కంపెనీ మొదలైంది 1877లో. అప్పట్లో అట్లాంటి అంగళ్లు ఉన్నవాళ్లకే. అంగళ్లలో కళ్లు చూసేవాళ్లను ఆప్టోమెట్రిస్టులు అంటారు. మన దేశంలో వాళ్ల చదువుకు 1958లో రెండు బడులు పెట్టినారు. ఒకటి అలీగఢ్‌లో, రెండోది హైదరాబాదు సరోజినీ దేవి కంటి ఆస్పత్రిలో. వాళ్లను కూడా చేర్చి దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది 2021లోనే. 2007లో మన బెంగళూరు కంపెనీ టైటాన్ కళ్లజోళ్ల వ్యాపారంలోకి దిగింది. 2010లో లెన్స్‌కార్ట్ వచ్చింది. పోటీ పెరిగేకొద్దీ పరీక్ష అనేది గిరాకీని లోపలికి పిలిచే పని అయింది. దాని ఖర్చు ఫ్రేములో, అద్దంలో కలిసిపోతుంది.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. కోడు రాసినవాడే టెస్టు కూడా చేసి "పాస్" అంటే మేము ఒప్పుకోం. వాడు చెడ్డవాడని కాదు, వాడి కన్ను ఒకే వైపు చూస్తుందని. అంగట్లో ఆప్టోమెట్రిస్టు ఎంత మంచివాడైనా అతని జీతం అమ్మకం నుంచే రావాలి.

ఇంగ్లండులో మూడో దారి పట్టినారు. 1948 జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్ మొదలైనప్పుడు పరీక్షా ఉచితమే, అద్దాలూ ఉచితమే. ఖర్చు తట్టుకోలేక 1951లో అద్దాలకు, పళ్ల సెట్లకు చార్జీ పెట్టాలని అన్నప్పుడు, ఎన్‌హెచ్‌ఎస్‌ను నిలబెట్టిన మంత్రి అనైరిన్ బెవన్ రాజీనామా చేసినాడు. 1989లో చాలామందికి పరీక్ష కూడా ఉచితం కాకుండా పోయింది. 60 దాటినవాళ్లకు మళ్లీ 1999లో ఇచ్చినారు. స్కాట్లండులో 2006 నుంచి అందరికీ ఉచితమే. దుడ్లు కట్టినా కట్టకపోయినా అక్కడ పరీక్ష కాగానే చీటీ చేతికి ఇవ్వాల్సిందే. అమెరికాలో కూడా 1978 నుంచి ఆ నియమం ఉంది. అక్కడ ఉండే మన వాళ్లు మొహమాటపడకుండా చీటీ తీసుకోండి.

తెలుగు నాడులో సర్కారే ఊళ్లకు వచ్చి చూసింది. తెలంగాణలో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైంది. ఆంధ్రలో 2019 అక్టోబరులో మన పక్కనే ఉండే అనంతపురంలో మొదలుపెట్టినారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన చిన్నతాత విషయం ఉంది. ఒక అంగట్లో ఆయనకు రెండేళ్లలో మూడు జతలు మార్చినారు. పరీక్ష ప్రతిసారీ ఊరికే, దుడ్లు మాత్రం ప్రతిసారీ పోయినాయి. బోర్డు మీద అక్షరాలు ఆయన బాగానే చదివేవాడు, పక్క నుంచి వచ్చే బండి మాత్రం కనపడేది కాదు. చివరికి ఆస్పత్రిలో కంటి లోపలి ఒత్తిడి, వెనకుండే నరం చూసినప్పుడు గ్లాకోమా అని తేలింది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకుంటున్నాడు.

పవరు చూడటం వేరే, కన్ను చూడటం వేరే. గ్లాకోమాకు మొదట్లో నొప్పి ఉండదు, చూపు మసకబారదు. అది వంశంలో కూడా వస్తుంది. రక్తసంబంధం ఎంత దగ్గరైతే అంత జాగ్రత్త కావాలి. అందుకే చిన్నతాత పిల్లలు, తోడబుట్టినవాళ్లు ఆగకుండా చూపించుకోండి. మిగతా వాళ్లలో 40 దాటినవాళ్లు కూడా ఒకసారి ఒత్తిడి, నరం చూసే చోటికి పోండి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఏడాదికొకసారి కంటి వెనక పొర చూపించుకోవాలి. ఆ పరీక్షకు దుడ్లు ఇచ్చినా నష్టం లేదు. చీటీ తీసుకొని, తర్వాత ఏ అంగట్లో నచ్చితే ఆ అంగట్లో కన్నడక చేయించుకోండి.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో ఎవరికైనా గ్లాకోమా ఉందని తెలిస్తే మాకు చెప్పండి. వాళ్లు ఒప్పుకుంటే మన వంశవృక్షంలో వాళ్ల పేరు పక్కన రాసిపెడతాం. రేపు పిల్లలకు పనికొస్తుంది.