రిజిస్టరుకు ముందున్న పితరులు: తెలుగు క్రైస్తవ కుటుంబాల వంశావళి శోధన

చెర నుండి తిరిగి వచ్చినవారి జాబితా ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయములో ఉంది. చాలామంది దానిని చదవకుండా దాటిపోతారు. అయితే వంశావళులు వెదకేవారు 59 నుండి 63 వరకు గల వచనాలను దాటలేరు. అక్కడ కొందరు తమ పితరుల ఇండ్లు చూపలేకపోయారు. యాజక వంశీకులమని చెప్పుకున్న మరికొందరి పేర్లు పట్టీలో దొరకనందున వారిని యాజకత్వము నుండి తొలగించారు. వారిలో బర్జిల్లయి సంతతివారు ఉన్నారు. వారి మూలపురుషుడు గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెలలో ఒకతెను పెండ్లాడి, మామగారి ఇంటిపేరే పెట్టుకున్నాడు. మన పల్లెల్లోని ఇల్లరికపుటల్లుళ్ళ సంగతి ఎరిగినవారికి ఈ చిక్కును వివరించనక్కరలేదు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వంశము ఒకటి కాదు.

ముప్పై ఏండ్లుగా నేను ఏ సంఘానికి వెళ్ళినా మొదట అడిగేది పాత బాప్తిస్మపు రిజిస్టరు. (జమాఖర్చుల పుస్తకము అడుగుతున్నానని కంగారుపడిన పెద్దలూ ఉన్నారు.) బీరువా అడుగున చెదలు తినగా మిగిలిన పుటలలో సాధారణంగా ఉండేవి పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, తేదీ. పెండ్లయిన తరువాత బాప్తిస్మము పొందిన స్త్రీకి భర్త ఇంటిపేరే వ్రాశారు. పుట్టింటి పేరు లేదు. ఆ ఒక్క లోపముతో మన పితరులలో సగము మంది కనబడకుండా పోయారు. కొన్ని మిషనులలో పేరు కూడా మార్చేవారు. నిన్నటి ఎల్లమ్మ నేడు మార్త అయినప్పుడు, పాత పేరు పక్కన వ్రాయకపోతే జాడ అక్కడే తెగిపోతుంది.

అయినా ఈ రిజిస్టర్ల విలువ తక్కువ కాదు. 1876-78 నాటి కరువు తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందారు. తరానికి 25 ఏండ్లు లెక్కిస్తే మనకూ వారికీ మధ్య దాదాపు ఆరు తరాలు. మెకంజీ కాలములో సేకరించిన కైఫీయతులలో పాలకులు, దేవాలయాలు, కరణాలు కనబడతారు గాని, భూమి లేని మాల మాదిగ ఇండ్ల వంశక్రమము దొరకడం అరుదు. అలాంటి ఇంటివారి పేరు కాగితముమీద మొదట పడింది చాలాచోట్ల సంఘపు రిజిస్టరులోనే.

మరి అంతకుముందు వారికి వంశావళి లేదా? ఉంది, అది కాగితముమీద లేదు. తెలంగాణ పల్లెల్లో డక్కలివారు మాదిగ ఇండ్ల ముందు పటము విప్పి జాంబపురాణము చెప్పేవారు. ఆ ఇండ్ల గోత్రాలు, ఇంటిపేర్లు వారికి కంఠస్థము. అందుకు ప్రతిఫలము తీసుకోవడం వారి హక్కు. మాలలకు మాష్టివారు, రెడ్లకు పిచ్చకుంట్లవారు ఇటువంటి పనే చేసేవారు.

ఈ తలుపు మూసింది మన సంఘమే అని నా అభిప్రాయము. ఒంగోలులో క్లౌ దొరగారు విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారము పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసము తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. పటములో దేవతల బొమ్మలు ఉన్నప్పుడు సంఘపెద్దలు జంకడం సహజమే. అయితే బొమ్మతోపాటు తాతల పేర్లు కూడా గడప దాటిపోయాయి. ఇందులో ఒక విచిత్రము ఉంది. క్లౌగారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకములో మాదిగల కథలను, మాతంగి ఆరాధనను, 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య అంతకుముందు అనుసరించిన రాజయోగాన్ని శ్రద్ధగా పొందుపరచింది. మిషనెరీ కుటుంబము వ్రాసిపెట్టినదానిని మన కాపరులు వినడానికే ఇష్టపడలేదు.

మౌఖిక సాక్ష్యాన్ని యథాతథంగా నమ్మమని నేను చెప్పడం లేదు. జాంబవంతుడు మనకు ఏడవ తాత కాడు. అంతములేని వంశావళుల గూర్చి 1 తిమోతి 1:4 చేసే హెచ్చరిక కూడా మరువరానిది. నేను పాటించే క్రమము ఇది: మొదట ఇంటిలోని ముసలమ్మలను వారి పుట్టింటి పేర్లు అడగాలి, తరువాత రిజిస్టరు చూడాలి, ఆపైన కథకుని వినాలి. అతడు చెప్పిన వలస ఊరు రిజిస్టరులోని ఊరితో కలిస్తే అది ఆధారము. కలవకపోతే రెండూ వ్రాసి ఉంచాలి, ఒకటి కొట్టివేయకూడదు. ముసలమ్మలతోనే మొదలుపెట్టమనడానికి కారణము ఉంది: రిజిస్టరు వచ్చే ఏడాదికి కూడా బీరువాలో ఉండవచ్చు, వారు ఉంటారన్న హామీ లేదు.